నడిచినా చేరవచ్చు

పరుగంటే నాకు బడి రోజుల నుంచీ గిట్టదు. అయినా పేద పిల్లల ఫీజుల కోసం విరాళాలు సేకరించే హాఫ్ మారథాన్‌కు పేరిచ్చాను. 21.1 కిలోమీటర్లు, అంతా నడకే. "పరుగెత్తనివాడికి మారథాన్ ఎందుకు?" అని మిత్రులు నవ్వారు.

జవాబు సఫా, మర్వాల మధ్య ఉంది. పసిబిడ్డ దాహం తీర్చేందుకు నీటిని వెతుకుతూ హజ్రత్ హాజిరా (అలైహస్సలాం) ఆ కొండల మధ్య ఏడుసార్లు తిరిగారు. ఆ జ్ఞాపకంగా చేసే సయీలో పురుషులు కూడా ఆకుపచ్చ దీపాల మధ్యనే వేగంగా సాగుతారు. మిగతాదంతా నడకే. నడవలేనివారు చక్రాల కుర్చీలో పూర్తిచేస్తారు.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి.

మొదటిది నియ్యత్. కర్మల విలువను సంకల్పమే నిర్ణయిస్తుందని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఫొటోల కోసం నడిస్తే మిగిలేది అలసటే.

రెండవది శరీరం హక్కు. అది కూడా మనపై ఉందని ఆయన (సఅసం) తెలియజేశారు. గంటకు 6 కిలోమీటర్ల చొప్పున నడిచినా మూడున్నర గంటలు పడుతుంది. అందుకే నెలల ముందే సాధన చేయాలి, నిర్వాహకులు పెట్టిన గడువు తెలుసుకోవాలి.

మూడవది అమానత్. 16వ కిలోమీటరు దగ్గర మానేద్దామనుకున్నాను. గాయమైతే ఆగడమే ధర్మం. నాది విసుగు మాత్రమే. నన్ను నమ్మి డబ్బిచ్చినవారు గుర్తొచ్చారు. మెల్లగా కదిలి, చివరివారిలో ఒకడిగా చేరాను. అయితే గీత దాటడంతో అమానత్ తీరదు. ప్రతి రూపాయీ పిల్లలకు చేరి, దాతలకు లెక్క అందినప్పుడే తీరుతుంది.

అల్లాహ్ మన అడుగులను స్వీకరించుగాక! ఆమీన్.