లినక్సు కంప్యూటరునకు కెమెరా కుదురు విధము

దూరముననున్నవారి ముఖము చూచుచు మాటలాడుటకు వీడియో కాన్ఫరెన్సు అని పేరు. ఇందులకు కంప్యూటరునకు కెమెరా తగిలించిన మాత్రమున చాలదు. కెమెరా పలుకు భాష కంప్యూటరునకు తెలియవలయును. ఆ రెంటి నడుమ దుబాసీగా నుండు ప్రోగ్రామునే డ్రైవరు అందురు. లినక్సునందు ఈ దుబాసీ యెట్లు లభించెనో విద్యార్థుల యుపయోగార్థము వ్రాయుచున్నాము.

లినక్సు అనునది 1991వ సంవత్సరమున ఫిన్లండు దేశపు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఆపరేటింగ్ సిస్టము. దీనిని వెల యీయక వాడవచ్చును. దీని మూలమును చదివి సవరింపవచ్చును. అయితే కెమెరాల కంపెనీలలో పెక్కు తమ డ్రైవరును విండోసునకు మాత్రమే యిచ్చుచుండెను.

చిక్కెచ్చటనో లెక్క వేసి చూతము. బొమ్మ 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల యెత్తు గలదనుకొనుడు. చుక్కకు 2 బైట్ల చొప్పున ఒక బొమ్మకు 6,14,400 బైట్లగును. సెకనుకు 30 బొమ్మలైనచో 1,84,32,000 బైట్లు. తొలినాటి యు.ఎస్.బి. తీగ సెకనుకు 15 లక్షల బైట్లకు మించి మోయజాలదు. కావున కెమెరాయే బొమ్మను కుదించి పంపవలసివచ్చెను. ఆ కుదింపు రీతిని పలు కంపెనీలు రహస్యముగా నుంచెను. ముడి వేసిన విధము తెలియనివాడు దానిని విప్పుటెట్లు?

2004లో ఫిలిప్స్ కెమెరాల డ్రైవరు విషయమున ఈ చిక్కు బయలుపడెను. పెద్ద బొమ్మలను విప్పు భాగమును దాని కర్త కంపెనీతో చేసికొన్న యొడంబడికవలన మూసియుంచెను. మూసిన భాగమునకు తావీయుట తమ నియమమునకు విరుద్ధమని లినక్సు నిర్వాహకులు నిరాకరింపగా, అతడు డ్రైవరునే ఉపసంహరించుకొనెను. పిదప లూక్ సయ్యార్ అను నతడు ఆ కుదింపు రీతిని స్వయముగా శోధించి, డ్రైవరును మరల నిలిపెను. రహస్యముపై నిలిచిన సౌకర్యము పరుల చిత్తముపై నిలిచినదే యని ఇందువలన తెలియుచున్నది.

ఆ కాలముననే మిషెల్ జార్డ్ అను ఫ్రెంచి వైద్యుడు తన తీరిక వేళలయందు శ్రమించి 200కు మించిన కెమెరా రకములకు డ్రైవరు సమకూర్చెను. అది సంస్కరింపబడి 2008లో లినక్సున చేరెను.

అయినను రకమునకొక డ్రైవరు వ్రాయుచు పోయిన అంతమెక్కడ? 2003లో యు.వి.సి. అను ఉమ్మడి నిబంధన ప్రకటింపబడెను. దాని ననుసరించు కెమెరాలన్నిటికిని భాష యొక్కటే. లోరాన్ పాంషార్ వ్రాసిన యు.వి.సి. డ్రైవరు 2008లో లినక్సున చేరుటతో, ఒక్క దుబాసీయే అనేక కంపెనీల కెమెరాలకు చాలెను. ఈవలి వైపున ప్రోగ్రాములన్నియు వీడియో4లినక్స్ అను ఒకే ద్వారమున బొమ్మను గైకొనును.

కెమెరా కొనువారు అది యు.వి.సి. నిబంధన ననుసరించునో లేదో ముందుగా విచారింపవలయును. ఇటీవలి కొన్ని లాప్‌టాపులలో కెమెరాను యు.ఎస్.బి. ద్వారా గాక వేఱు మార్గమున అమర్చుచున్నారు. అట్టివానితో లినక్సునకు పాత చిక్కే మరల కలుగుచున్నది. కావున అంగడిలోనే లినక్సును పెన్‌డ్రైవునుండి నడిపి, ముఖము కనబడినదని నిశ్చయించుకొనిన పిదపనే వెల చెల్లించుట మేలు.

క్రొత్త యంత్రము కొనలేని యింటివారికిని పాత కంప్యూటరు, వెలలేని లినక్సు, యు.వి.సి. కెమెరా యున్నచో దూరదేశముననున్న బిడ్డ ముఖము చూచుట సాధ్యమగును. విద్యార్థులారా, తెలిసినదానిని దాచక పదుగురితో పంచుకొనినవారి శ్రమవలననే ఈ మేలు మనకు దక్కినదని మఱవకుడు.