కొనడం కూడా ఒక కొలువే

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడి పల్నాడు జిల్లా ఏర్పడింది, నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. జిల్లా అనగానే మనకు కలెక్టర్, ఎస్పీ గుర్తొస్తారు. ఆఫీసు నడవాలంటే మాత్రం ముందు బల్లలు, కుర్చీలు రావాలి. కంప్యూటర్లు, ప్రింటర్లు, వాటికి టోనర్లు, కాగితం రీములు, ఫ్యాన్లు, అధికారి తిరగడానికి అద్దె కారు, గదులు ఊడ్చే మనుషులు, రాత్రి కాపలా కావాలి. ఇవేవీ ఎవరో బజారుకెళ్లి సంచిలో వేసుకొచ్చేవి కావు. ఏది ఎంత కావాలో ఒకరు లెక్క రాయాలి, ఫైలు కదపాలి, ధరలు పిలవాలి, వచ్చిన సరుకు సరిచూసి దించుకోవాలి, బిల్లు ట్రెజరీకి పంపాలి.

ఈ పని గురించి మన కోచింగ్ సెంటర్లలో చెప్పేవాళ్లు అరుదు. మాచర్ల, గురజాల పిల్లలు గ్రూప్-2కి, గ్రూప్-3కి ఏళ్ల తరబడి చదువుతారు. కొలువు వచ్చాక కొద్దిరోజులకే బల్ల మీదకొచ్చే పర్చేజ్ ఫైలును ఎక్కడ పట్టుకోవాలో చాలామందికి తెలియదు. పాత ఫైలు చూసి అలాగే రాసేస్తారు, తప్పులతో సహా. ఈ విద్య ముందే నేర్చుకుంటే ప్రభుత్వంలో కొనే కుర్చీలోనైనా, ప్రభుత్వానికి అమ్మే దుకాణంలోనైనా బతుకుతెరువు ఉంటుందని నా గట్టి నమ్మకం.

విద్య అన్న మాట ఊరికే అనలేదు. గురజాల వైపు ఒక హాస్టల్‌కు మంచినీళ్ల ప్లాంటు కొనాలనుకోండి. ఇండెంట్‌లో, అంటే ఏది ఎంత కావాలో అడిగే కాగితంలో, ‘ఆర్వో ప్లాంటు - 1’ అని రాసి పంపితే ధరలు వస్తాయి, అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడికి, అంటే ఎల్‌1కి, ఆర్డరు వెళ్తుంది. కాగితం మీద తప్పేమీ లేదు. కానీ మనది సున్నపురాయి నేల. చాలా ఊళ్లలో బోరు నీళ్లకు పప్పు ఉడకదు, బిందె అడుగున తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్ల సంగతి ఇండెంట్‌లో లేకపోతే చవక మిషన్‌లోని మెంబ్రేన్ త్వరలోనే పూడుకుపోతుంది. పిల్లలు మళ్లీ బోరు నీళ్లే తాగుతారు. మిషన్ మాత్రం స్టాక్ రిజిస్టర్‌లో నిక్షేపంగా ఉంటుంది.

పని తెలిసినవాడు ముందు నీళ్లు పరీక్షకు పంపిస్తాడు. టీడీఎస్ ఎంత, ఫ్లోరైడ్ ఎంత, గట్టిదనం ఎంత అని చూస్తాడు. పిల్లలెంతమంది, గంటకు ఎన్ని లీటర్లు రావాలి, కరెంటు ఎన్ని గంటలుంటుంది అని అడుగుతాడు. నీటి గట్టిదనం తగ్గించే సాఫ్ట్‌నర్ కూడా ధరలో ఉండాలని, మూడేళ్ల పాటు మెంబ్రేన్లు మార్చే ఖర్చు అమ్మేవాడిదేనని, ఫిర్యాదు ఇచ్చిన రెండు రోజుల్లో మెకానిక్ రావాలని రాస్తాడు. అప్పుడు కూడా ఎల్‌1కే ఆర్డరు వెళ్తుంది, కానీ ఈసారి ఎల్‌1 అయినవాడు పనికొచ్చే మిషన్ తెస్తాడు. కొనుగోలు విద్య అంతా దాదాపు ఈ ఒక్క కాగితంలోనే ఉంది. దీన్నే స్పెసిఫికేషన్ అంటారు.

ఇక్కడొక కట్టుబాటు ఉంది. ‘ఫలానా కంపెనీ మిషనే కావాలి’ అని రాయడానికి మామూలుగా వీల్లేదు. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు ఆధారమైన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్-2017లో 144వ నిబంధన ఈ మాట చెబుతుంది. వస్తువు చేయవలసిన పనిని, కొలవడానికి వీలైన మాటల్లో, ఏ బ్రాండుకూ కొమ్ముకాయకుండా రాయాలి. రెంటచింతల ఎండలో ‘మంచి ఫ్యాను’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. టెండరులో అది చెల్లదు. రెక్క పొడవెంత, నిమిషానికి ఎన్ని తిరుగుళ్లు, గాలి ఎంత వదులుతుంది, కరెంటు ఎంత తింటుంది, వారంటీ ఎన్నేళ్లు అన్నది అంకెల్లో రావాలి. బ్రాండు పేరెత్తకుండా నాణ్యతను పట్టుకోవడం నేర్చినవాడికి సగం పని వచ్చేసినట్టే.

ప్రభుత్వ కొనుగోళ్ల వెనుక చరిత్ర కూడా ఉంది. 1922లో ఇండియన్ స్టోర్స్ డిపార్ట్‌మెంట్ పేరుతో మొదలై 1951లో డీజీఎస్ అండ్ డీగా మారిన సంస్థ దశాబ్దాల పాటు కేంద్ర శాఖలకు కావలసిన సామాన్లకు రేట్ కాంట్రాక్టులు కుదిర్చింది. 2016 ఆగస్టు 9న గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్, అందరూ జెమ్ అని పిలిచే పోర్టల్ వచ్చింది. మరుసటి ఏడాది అక్టోబరు 31న పాత సంస్థ మూతపడింది. అందరికీ వాడకంలో ఉండే వస్తువులూ సేవలూ జెమ్‌లో దొరికితే కేంద్ర శాఖలు అక్కడే కొనాలని 149వ నిబంధన. 2024-25లో ఆ పోర్టల్ మీద జరిగిన కొనుగోళ్ల విలువ 5 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఇక మన రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌గా ఉన్నప్పుడే, 2003లో, ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. రాష్ట్ర శాఖల టెండర్లు ఇప్పటికీ ఆ వేదిక మీద వస్తాయి. వాటి లెక్కకు ఆంధ్రప్రదేశ్ ఫైనాన్షియల్ కోడ్ ఉంది. నేరుగా ఎంత వరకు కొనొచ్చు, ఎంత దాటితే టెండరు పిలవాలి అన్న పరిమితులు అప్పుడప్పుడూ మారుతుంటాయి. పాత గైడులో చూసి బట్టీ పట్టకండి, తాజా ఉత్తర్వు చూడండి.

ఉద్యోగాల సంగతికొద్దాం. ‘పర్చేజ్ ఆఫీసర్’ అనే బోర్డుతో నోటిఫికేషన్లు తక్కువ. పని మాత్రం జూనియర్ అసిస్టెంట్, స్టోర్ కీపర్, పంచాయతీ కార్యదర్శి, అకౌంటెంట్ కుర్చీల్లో కలిసి ఉంటుంది. పంచాయతీకి బ్లీచింగ్ పౌడరు, సున్నం, వీధిదీపాలు కొనేది ఆ కుర్చీ నుంచే. నేరుగా ఈ పనికే ఉన్న మంచి కొలువు రైల్వేలో ఉంది. ఆర్‌ఆర్‌బీ జూనియర్ ఇంజినీర్ పరీక్షతో పాటే డిపో మెటీరియల్ సూపరింటెండెంట్ పోస్టులు భర్తీ చేస్తారు. ఏ బ్రాంచిలోనైనా ఇంజినీరింగ్ డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉంటే రాయొచ్చు. పాలిటెక్నిక్ చదివిన మన పిల్లలు జేఈ పోస్టును చూస్తారు, పక్కనే ఉన్న ఈ పోస్టును దాటుకుంటూ పోతారు. లాలాగూడ, రాయనపాడు లాంటి రైల్వే వర్క్‌షాపులున్న చోట్ల విడిభాగాల నిల్వ, సరఫరా చూసే పని ఎంత పెద్దదో ఒక్కసారి కనుక్కోండి.

ప్రైవేటులో కూడా ఇదే విద్యకు గిరాకీ. కేసీపీ సిమెంటు 1958 నుంచి మాచర్లలో నడుస్తోంది. దాచేపల్లి, పిడుగురాళ్ల చుట్టూ మరెన్నో సున్నపు, సిమెంటు పరిశ్రమలు ఉన్నాయి. పెద్ద ఫ్యాక్టరీల్లో స్టోర్స్, పర్చేజ్ విభాగాలు తప్పకుండా ఉంటాయి. అమీర్‌పేటలో శాప్ సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్లు అందులో ఎంఎం, అంటే మెటీరియల్స్ మేనేజ్‌మెంట్, మాడ్యూల్ తీసుకుంటే అది ఈ పనే. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ డిప్లొమాలు నడుపుతోంది, హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ శాఖలున్నాయి. విదేశాల మీద కన్నున్నవాళ్లకు బ్రిటన్‌కు చెందిన సీఐపీఎస్ అర్హత పనికొస్తుంది. వీటన్నిటికంటే ముందు కేంద్ర ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే వస్తువుల కొనుగోలు మాన్యువల్ చదవమంటాను. ఇంగ్లిష్ గట్టిగానే ఉంటుంది, రోజుకు నాలుగు పేజీలు చదివినా చాలు.

ఇక రెండో వైపు, అమ్మేవైపు. వినుకొండలోనో సత్తెనపల్లిలోనో ప్రింటింగ్ ప్రెస్ ఉన్నవాళ్లు, కార్లు అద్దెకిచ్చేవాళ్లు, పారిశుద్ధ్యం పని పట్టేవాళ్లు చాలామంది టెండరు మాట వినగానే ‘అది పెద్దోళ్ల వ్యవహారం’ అని పక్కకు తప్పుకుంటారు. వాళ్లకు అడ్డం డబ్బు ఒక్కటే కాదు, కాగితం కూడా. కేంద్ర శాఖలూ ప్రభుత్వ రంగ సంస్థలూ తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలి. అందులో ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి 4 శాతం, మహిళల సంస్థల నుంచి 3 శాతం ఉండాలి. చిన్న సంస్థ ధర ఎల్‌1 కంటే 15 శాతం లోపు ఎక్కువగా ఉన్నా, ఎల్‌1 ధరకు దిగొస్తే కొంత ఆర్డరు దక్కుతుంది. టెండరు విలువలో 2 నుంచి 5 శాతం వరకు ఉండే ఈఎండీ, అంటే ధరావతు, కట్టనక్కర్లేదు. పది లక్షల టెండరుకు ఇరవై వేలో యాభై వేలో చేతిలో మిగలడం చిన్న సంగతి కాదు. ఒక్క మెలిక గుర్తుంచుకోండి: ఇవి తయారీదారులకు, సేవలందించేవారికి. సరుకు కొని అమ్మే వ్యాపారికి వర్తించవు. ప్రెస్సు యజమానికి వస్తాయి, స్టేషనరీ కొట్టుకు రావు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు. దాంతోపాటు పాన్, జీఎస్టీ, డిజిటల్ సంతకం సిద్ధంగా పెట్టుకోవాలి. ఈ కాగితాలు సరిగ్గా పేర్చి, గడువు లోపల బిడ్ అప్‌లోడ్ చేసిపెట్టే కుర్రాడు ఊరికొకడు ఉన్నా పదిమంది చిన్న వ్యాపారులు నిలబడతారు. బీకాం చదివి నరసరావుపేటలో ఖాళీగా ఉన్నవాళ్లకు ఇది ఇంటిపట్టున ఉండి చేసుకోగల పని. ఒక్క సర్టిఫికెట్ మరిచిపోయినా బిడ్ తిరస్కరించే ప్రమాదం ఉంది, సాయంత్రం మూడింటికి గడువంటే మూడూ ఒకటికి పోర్టల్ తీసుకోదు. ఓపిక లేనివాళ్లు ఇందులోకి రావద్దు.

కొనే కుర్చీలో కూర్చోబోయేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. పెద్ద కొనుగోలును టెండరు తప్పించుకోవడానికి చిన్న చిన్న బిల్లులుగా ముక్కలు చేయమని ఎవరో ఒకరు అడుగుతారు. ‘అందరూ చేసేదే కదా తమ్ముడూ’ అంటారు. అది నిబంధనలకు విరుద్ధం. అడిగినవాళ్లు బదిలీ అయి వెళ్లిపోతారు, నోట్ ఫైల్ మీద మీ సంతకం ఉండిపోతుంది. ఏళ్ల తర్వాత ఆడిట్ అభ్యంతరం వచ్చినప్పుడు జవాబు చెప్పుకోవలసింది మీరు. కాదనలేని పరిస్థితి వస్తే ఫైల్లోనే మీ అభిప్రాయం రెండు వాక్యాల్లో మర్యాదగా రాసి, నిబంధన సంఖ్య వేసి పైకి పంపండి.

ఇవాళ చేయగల పని ఒకటుంది. జెమ్ గానీ రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ గానీ తెరిచి, మన చుట్టుపక్కల ఆఫీసు ఏదైనా పిలిచిన టెండరు ఒకటి దించుకోండి. సెక్యూరిటీ గార్డులో, అద్దె కారో, కుర్చీలో, ఏదైనా సరే. అర్హతల పేజీకి ఎర్ర గీత, స్పెసిఫికేషన్‌కు నీలం గీత, చెల్లింపు షరతులకు పచ్చ గీత పెట్టి చదవండి. తర్వాత మీ కాలేజీ లైబ్రరీకి ఇరవై కుర్చీలు కొనాలనుకుని, బ్రాండు పేరు రాయకుండా, ఒక పేజీలో ఇండెంట్ రాయండి. రాసింది తీసుకెళ్లి మీ ఊళ్లో ఫర్నిచర్ చేసే వడ్రంగికి చూపించండి. ఎక్కడ నాసి కర్ర పెట్టి తప్పించుకోవచ్చో ఆయన వేలుపెట్టి చూపిస్తాడు. అక్కడ తిరగరాయండి.