ఎడమ చేతికి ఏం పని?

ఉయ్యూరు

అమ్మలూ,

మొన్న ఫోన్లో త్రీడీ మౌస్ గురించి నువ్వడిగిన దానికి కొనుక్కో అనో, వద్దు అనో ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. వెనకనుంచి అక్క "పదివేల పైన పోసి అరచేతిలో పట్టే బిళ్లని కొంటానంటోంది, నువ్వైనా చెప్పరా" అనడం కూడా వినపడింది. అక్క కంగారులో న్యాయం ఉంది. అవి నీ మొదటి ఏడాది జీతంలోంచి కూడబెట్టిన డబ్బులు. అయితే నువ్వడిగింది ధర గురించి కాదు. "అది ఉంటే నా మోడలింగ్ బాగుపడుతుందా మావయ్యా?" అన్నావు. అంత మంచి ప్రశ్నకి ఫోన్లో హడావుడిగా జవాబు చెప్పడం ఇష్టంలేక ఇలా రాస్తున్నాను.

నేను ఆటోనగర్లో లేత్ దగ్గర పని నేర్చుకున్నానని నీకు తెలుసు. లేత్‌కి ఒక చక్రం తిప్పితే టూలు పొడుగునా నడుస్తుంది, ఇంకోటి తిప్పితే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఇనప కడ్డీకి నున్నటి వంపు తియ్యాలంటే రెండు చక్రాలూ రెండు చేతుల్తో ఒకేసారి తిప్పాలి. మా మేస్త్రీ నా ఎడమ చేతి మీద తన చెయ్యి వేసి దాదాపు నెల్లాళ్లు తిప్పించాడు. కుడి చెయ్యి దానంతటదే నేర్చుకుంటుందనీ, నేర్పాల్సింది ఎడమ చేతికేననీ అనేవాడు. ఆ తరవాత హైదరాబాదులో ఒక డిజైన్ ఆఫీసులో క్యాడ్ మీద కూర్చున్నాక ఆ మాట మర్చిపోయాను. అక్కడ మెషీను భాగాల్ని తెర మీద తిప్పడానికి రోజంతా మౌస్ మధ్య బటన్ నొక్కిపట్టి లాగేవాణ్ణి. మూడేళ్లకి కుడి చేతి మధ్యవేలు పొద్దున లేవగానే ముడుచుకోని స్థితికి వచ్చింది. అప్పుడు కొన్నాను త్రీడీ మౌస్. అప్పట్నుంచి ఉద్యోగం మానేదాకా అది నా ఎడమ చేతి కిందే ఉంది.

అది అసలు పుట్టింది మన పనికి కాదు. జర్మనీ అంతరిక్ష పరిశోధనా కేంద్రంలో గెర్డ్ హిర్జింగర్ బృందం రోబో చేతిని నడపడానికి బంతిలాంటి పిడిని తయారుచేసింది. 1993లో కొలంబియా షటిల్‌లో రోటెక్స్ అనే ప్రయోగం జరిగింది. వ్యోమగాములు ఇటువంటి బంతిని పట్టుకుని పక్కనున్న చిన్న రోబో చేతిని కదిపారు. ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందకీ జరపడం, పైగా ఆ మూడు దిక్కుల చుట్టూ తిప్పడం, మొత్తం ఆరు కదలికలూ ఒక్క చేతిలో ఇమిడాయి. అదే తరవాత స్పేస్‌మౌస్ అయి క్యాడ్ బల్లల మీదకి చేరింది. దాన్ని అమ్మే త్రీడీకనెక్షన్ కంపెనీ 2001లో ఏర్పడింది.

మౌస్‌కీ దీనికీ ఉన్న తేడా ముందు తెలుసుకోవాలి. మౌస్‌ని ఎంత జరిపితే బాణం గుర్తు అంతే జరుగుతుంది. దీని మూత మాత్రం కొద్ది మిల్లీమీటర్లే కదులుతుంది. ఎంత ఒత్తితే బొమ్మ అంత వేగంగా తిరుగుతుంది, వదిలితే ఆగిపోతుంది. నీ స్కూటీ యాక్సిలరేటర్ లాంటిది. అందుకే కొత్తగా పట్టుకున్నవాళ్లందరూ మొదటి వారం దాన్ని తిట్టుకుంటారు. మోడల్ ఎక్కడికో ఎగిరిపోతుంది, తలకిందులవుతుంది. గట్టిగా పట్టుకుని తిప్పుతారు, ఎడమ మణికట్టు నొప్పెడుతుంది. నాకూ అయింది. వేగం బాగా తగ్గించుకుని, రెండు వేళ్లతో ముట్టుకున్నట్టుగా వాడడం అలవాటయ్యేసరికి పదిహేను రోజులు పట్టింది. అప్పుడు గానీ దాని విలువ తెలియలేదు.

ఆ విలువ ఏంటో నేను చెప్పడం కంటే కొండపల్లిలో నీ కళ్లతో చూడడం మేలు. విజయవాడ నుంచి 20 కిలోమీటర్లు, నీ బండి మీద ముప్పావుగంట. చిన్నప్పుడు ఖిల్లా చూసి వస్తూ బొమ్మల కాలనీలో ఆగాం, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మ కావాలని పేచీ పెట్టావు, గుర్తుందా? ఈసారి కొనడానికి కాదు, చూడడానికే వెళ్లు. అడిగి ఒక పనివారి పక్కన అరగంట కూర్చో. తెల్ల పొణికి కర్ర ముక్క ఎడమ చేతిలో ఉంటుంది, ఉలి కుడి చేతిలో. పొణికి బరువుండదు, మెత్తగా తెగుతుంది. ఆ అరగంటా కుడి చేతిని చూడకు. ఎడమ చేతినే చూడు. ప్రతి కోతకీ ముందు అది ముక్కని రవ్వంత తిప్పుతుంది, కాస్త వాలుస్తుంది, నీడ పడితే వెలుగు వైపుకి తెస్తుంది. ఏనుగు తొండం వంపు దగ్గర చూస్తే ఉలి దాదాపు ఒకే చోట ఆడుతుంటుంది. కర్రే దాని దగ్గరికి వంగి వంగి వస్తుంది. నేను వెళ్లినప్పుడు ఒకాయన్ని "ఎడమ చేత్తో ఎలా తిప్పాలో ఎవరు నేర్పారండీ" అని అడిగాను. ఆయన చెయ్యి ఆపి, దాని వైపు చూసుకుని, "నేను తిప్పుతున్నానా?" అన్నారు.

తెర మీద నీకు ఆ కర్ర ముక్క చేతికి దొరకదు. ఉన్న ఒక్క మౌసే కర్రా కావాలి, ఉలీ కావాలి. తిప్పాలంటే చెక్కడం ఆపాలి, చెక్కాలంటే తిప్పడం ఆపాలి. పూటకి కొన్ని వందల సార్లు ఇలా ఒకటి దింపి ఇంకోటి ఎత్తుకుంటావు. త్రీడీ మౌస్ చేసే ఉపకారం ఒక్కటే. ఆ కర్ర ముక్కని తీసుకొచ్చి నీ ఎడమ చేతిలో పెడుతుంది.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. ఈవ్ గియార్ అనే ఫ్రెంచి మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1987లో రెండు చేతులూ పని ఎలా పంచుకుంటాయో వివరిస్తూ ఒక వ్యాసం రాశాడు. కుడిచేతివాటం ఉన్నవాళ్లకి ఎడమ చెయ్యి ముందు కదిలి పనికి చోటు కుదురుస్తుంది, కుడి చెయ్యి ఆ చోటులో సన్నపని చేస్తుంది అన్నాడు. కాగితం కింద కార్బన్ పేపరు పెట్టి రాయించి చూస్తే, రాత పేజీ నిండా ఉన్నా బల్ల మీద పడిన అచ్చు మాత్రం చిన్న జాగాలోనే ఉంది. ఎందుకంటే ఎడమ చెయ్యి తెలియకుండానే కాగితాన్ని జరుపుతూ వచ్చింది. కొండపల్లిలో ఉలి ఒకే చోట ఆడడమూ అదే.

ఇంతవరకూ చదివి మావయ్య కొనమంటున్నాడని అక్కకి చెప్పేయకు. అసలు సంగతి ఇప్పుడు వస్తోంది.

దసరాకి మీ పటమట ఇంట్లో నీ వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను కదా. నువ్వు అపార్ట్‌మెంటు బాల్కనీ రెయిలింగు చేస్తున్నావు, బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో. నేను నీ తెర కంటే నీ ఎడమ చేతినే ఎక్కువ చూశాను. అది కీబోర్డు వదల్లేదు. కదపడానికి జీ, తిప్పడానికి ఆర్, పెంచడానికి ఎస్, బయటికి లాగడానికి ఈ, మధ్యలో గీత వెయ్యడానికి కంట్రోల్ పట్టుకుని ఆర్. హార్మోనియం మెట్ల మీద వేళ్లు నడిచినట్టు నడుస్తున్నాయి. అంటే ఆ పనిలో నీ ఎడమ చేతికి చేతినిండా పనుంది. దాని పక్కన త్రీడీ మౌస్ పెడితే ఏమవుతుంది? చెయ్యి కీబోర్డు నుంచి బిళ్ల దగ్గరికి, బిళ్ల నుంచి కీబోర్డుకి తిరగాలి. కుడి చేతికి తప్పించిన ఎత్తుడు దింపుడే ఎడమ చేతికి వచ్చి పడుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ లాంటి కీలు పరికరం మీదే ఉన్న పెద్ద మోడళ్లు ఉన్నాయి, కానీ వాటి ధర నీకు ఇప్పుడు తగదు.

నా క్యాడ్ పని అలాంటిది కాదు. ఆదేశాలన్నీ మౌస్‌తో బొమ్మల మీద నొక్కేవే, కొలత ఎప్పుడో ఒకసారి టైపు చెయ్యడం. వందల భాగాలున్న గేర్‌బాక్సుని తిప్పితిప్పి చూసుకోవడమే సగం పని. నా ఎడమ చెయ్యి ఉత్తినే బల్ల మీద పడుండేది. అందుకే నాకది అంత పనికొచ్చింది. మా వీధిలో ఒక కుర్రాడు బందరు రోల్డ్‌గోల్డ్ నగల డిజైన్లకని క్యాడ్ నేర్చుకుంటున్నాడు. వాడు అడిగితే మారు మాట లేకుండా కొనుక్కోమంటాను.

నీ రాత్రి పని సంగతి ఇంకోలా ఉంది. నువ్వు సరదాగా మలుస్తున్న ఆ ముసలాయన తలకాయ, ముడతలతో సహా, చాలా బావుంది. నిజంగా బావుంది. ఆ పనిలో ఎడమ చేతికి పెద్దగా పని లేదు. నునుపు చెయ్యడానికి షిఫ్ట్, లోతు చెయ్యడానికి కంట్రోల్, అప్పుడప్పుడూ బ్రష్ సైజుకి ఎఫ్, అంతే. ముఖాన్ని మాత్రం క్షణానికోసారి తిప్పి చూసుకోవాలి, దవడ పక్కనుంచి, కనుబొమ కిందనుంచి. కొండపల్లి పనికి దగ్గరి పని ఇదే. త్రీడీ మౌస్ నీకెప్పటికైనా పనికొచ్చేది ఇక్కడే. కాకపోతే ఆ తలకాయని నువ్వు మామూలు మౌస్‌తో మలుస్తున్నావు! మౌస్‌కి ఒత్తిడి తెలీదు. గట్టిగా గీసినా తేలిగ్గా గీసినా ఒకటే లోతు పడుతుంది. ఉలి సరిగ్గా లేకుండా కర్ర తిప్పుకునే సౌకర్యం కోసం ఖర్చుపెట్టడం తొందరపాటు. ముందు పెన్ ట్యాబ్లెట్ కొను. చిన్న సైజుది నాలుగైదు వేలల్లో వస్తుంది, నీ పనికి చాలు. పెన్ను పట్టుకున్న మర్నాడే ఆ ముడతల్లో తేడా నువ్వే చూస్తావు.

పైసా ఖర్చులేకుండా చేసుకోవాల్సినవి కూడా నీ కంప్యూటర్లో అలాగే ఉండిపోయాయి. బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో నావిగేషన్ తెరిచి, ఎంచుకున్న దాని చుట్టూ తిరిగే ఆర్బిట్ ఎరౌండ్ సెలెక్షన్ పెట్టు. ఇప్పుడు నీకది లేకపోవడంవల్ల రెయిలింగు మూల చూడాలంటే బిల్డింగు మొత్తం గిర్రున తిరుగుతోంది. జూమ్ టు మౌస్ పొజిషన్ కూడా పెట్టు. నమ్‌ప్యాడ్ మీద చుక్క నొక్కితే ఎంచుకున్న భాగం ఎదురుగా వచ్చి నిలబడుతుంది. స్లాష్ నొక్కితే మిగతావన్నీ మాయమై అదొక్కటే మిగుల్తుంది. ఈ రెండు కీలు నువ్వొక్కసారి కూడా నొక్కడం చూళ్లేదు. ఫ్లాట్ల వాక్‌త్రూ కోసం కెమెరా నడపాలని అన్నావు. షిఫ్ట్ పట్టుకుని, ఎస్కేప్ కింద ఉన్న కీ నొక్కు. గేముల్లో నడిచినట్టు డబ్ల్యూ, ఏ, ఎస్, డీలతో గదుల్లో తిరగొచ్చు. త్రీడీ మౌస్‌తో అయితే ఆ నడక ఇంకా నున్నగా వస్తుంది, అది ఒప్పుకుంటాను. కానీ నెలకి రెండు వాక్‌త్రూల కోసం పదివేల పైన పెట్టక్కర్లేదు.

ఇంకొక మాట, ఇది నీ ఆరోగ్యం గురించి. చెయ్యి నొప్పి పోతుందని ఎవరైనా దీన్ని అమ్మజూపితే పూర్తిగా నమ్మకు. నా మధ్యవేలికి ఉపశమనం దొరికిన మాట నిజం, ఎందుకంటే భారాన్ని రెండు చేతులూ పంచుకున్నాయి. నొప్పి పూర్తిగా తగ్గింది మాత్రం కుర్చీ ఎత్తు సరిచేసుకుని, గంటకోసారి లేవడం మొదలుపెట్టాకే. నువ్వు డైనింగ్ టేబుల్ మీద పనిచేస్తున్నావు. ఆ బల్ల నీకు ఎత్తు. మోచెయ్యి గాల్లో వేలాడుతోంది. కుర్చీలో ఒక దిండు వేసుకుని, కాళ్ల కింద చిన్న పీట పెట్టుకో. అది ఈ రాత్రే చెయ్యి.

పెన్ ట్యాబ్లెట్‌తో రెండు నెలలు గడిచాక ఒక పని చెయ్యి. ఫోన్‌ని స్టాండుకి పెట్టి గంటసేపు నీ చేతుల్ని వీడియో తియ్యి, పగటి పని ఒక రోజు, రాత్రి పని ఒక రోజు. తరవాత కూర్చుని ఎడమ చెయ్యి ఊరికే ఉన్న నిమిషాలు లెక్కపెట్టు. బొమ్మ తిప్పడానికని పెన్ను ఎన్నిసార్లు ఆగిందో కూడా రాసుకో. ఆ రెండు అంకెలూ నాకు పంపు. ఎడమ చెయ్యి అరగంట ఖాళీగా ఉండి, పెన్ను మాటిమాటికీ ఆగుతుంటే అప్పుడు కొనుక్కోమని అక్కతో నేనే చెప్తాను. ఆరోజు నీ డబ్బులు చాలకపోతే మిగతాది నేనిస్తాను.

ఈలోగా కొత్త త్రీడీ మౌస్ కొనక్కర్లేదు. నా పాతది బీరువా పై అరలో గుడ్డలో చుట్టి ఉంది, నిన్ననే తీసి లాప్‌టాప్‌కి పెట్టి చూశాను, పనిచేస్తోంది. ఆదివారం బందరు బస్సెక్కి ఉయ్యూరు వచ్చి పట్టుకెళ్లు. వేగం అడుగుకి తగ్గించి పెట్టుకుని, బొమ్మని తలకిందులవనివ్వని సెట్టింగు వేసుకో. రోజూ అరగంట, ఆ ముసలాయన తలకాయ మీదే వాడు. పదిహేను రోజులయ్యాక వద్దనిపిస్తే తిరిగి తెచ్చెయ్యి, కావాలనిపిస్తే ఆ లెక్క తేలేదాకా ఉంచుకో.

పెన్ ట్యాబ్లెట్ మాత్రం ఈ నెల జీతం రాగానే కొను. ఆలస్యం చెయ్యకు.

ఇట్లు,
మీ మావయ్య