లోయి అవ్వ ఇంటి బడి

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:4–9, అపొస్తలుల కార్యములు 14:1–18, 16:1–3, 2 తిమోతి 1:5, 3:14–15

మా ఇద్దరు బిడ్డలను బడికి పంపక ఇంటిలోనే చదివించుచున్నామని మన సంఘములలో కొందరికి తెలియును. ఏ వాక్యమునుబట్టి ఇట్లు చేసినారని అడిగినవారికి జవాబుగా ఈ పాఠము వ్రాయుచున్నాము. అందరును ఇట్లే చేయవలెనని మా అభిప్రాయము కాదు.

మొదట తిమోతిని చూద్దాము. అతడు లుస్త్ర ప్రాంతపువాడు. తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. లుస్త్ర జనులు కేకలు వేసినది లుకయోనియ భాషలో. ఈకొనియలో యూదుల సమాజమందిరమున్నదని చెప్పిన లూకా, లుస్త్రలో ఒకటి ఉన్నట్లు చెప్పలేదు. స్వజనులు కొద్దిమంది, వీధిలో వేరే భాష. మన స్థితి ఇంచుమించు ఇదే కదా! అయినను ఆ బిడ్డ చిన్ననాటనే లేఖనములను ఎరిగినవాడాయెను. పౌలు పేరుపెట్టి చెప్పినది అవ్వ లోయి విశ్వాసమును, తల్లి యునీకే విశ్వాసమును. తండ్రి పేరు ఎక్కడను లేదు. తండ్రులమైన మనము దీనిని గమనించవలెను.

మా పెద్దలు కోలారు బంగారు గనులలో పనికి వచ్చినవారు. 2001లో గనులు మూతపడిన తరువాత మేము బెంగళూరు చేరినాము. మా పెద్దమ్మాయి బడిలో కన్నడము, ఇంగ్లీషు ఉన్నవి, తెలుగు లేదు. ఒక క్రిస్మసు కార్యక్రమములో ఆమె కంఠతా వాక్యము చక్కగా చెప్పినది. అందరు చప్పట్లు కొట్టిరి. ఇంటికి వచ్చి చూడగా ఆమె చేతి చీటీలో ఆ తెలుగు వాక్యము ఇంగ్లీషు అక్షరములతో వ్రాసియున్నది. బైబిలు తెరచి ఇచ్చితిమి. ఒక్క అక్షరము గుర్తుపట్టలేదు. తప్పు బడిది కాదు, మాది. ఉదయము ఏడింటికి వెళ్లి నాలుగింటికి వచ్చి, మరల ట్యూషనుకు పోయి, కుటుంబ ప్రార్థనకు ముందే నిద్రపోవుచుండెను. ద్వితీయోపదేశకాండములో మోషే ఈ బోధకు ఒక గంట కేటాయించలేదు, లేచినది మొదలు పండుకొనువరకు దినమంతయు దానికే ఇచ్చెను. మా చేతిలో మిగిలినది అన్నము పెట్టు సమయమే.

ఇంటిలోనే చదివించుదుమని చెప్పగానే పిల్లల అవ్వ ఏడ్చినది. "బడి లేక మేము ఏలిముద్ర ఏసినాము. ఉండే బడిని మీరు మాన్పిస్తారా నాయనా?" అన్నది. ఆ మాటకు మావద్ద జవాబు లేకపోయెను. 1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొరగారి చరిత్ర మనకు తెలిసినదే. మాదిగ విశ్వాసులను చేర్చుకొన్నందున పై కులముల పిల్లలు ఆయన బడి విడిచిపోయిరి. మన పెద్దలకు అక్షరము అంత వెలతో వచ్చినది. బడి చెడ్డదని చెప్పుటకు మనకు నోరు రాదు, వాక్యము కూడ అట్లు చెప్పదు. మోషే ఐగుప్తీయుల విద్యలు నేర్చెను, దానియేలు కల్దీయుల విద్య నేర్చెను, పౌలు గమలియేలు పాదములయొద్ద కూర్చుండెను.

కాబట్టి అవ్వతో ఒక ఒప్పందము చేసినాము: ఏటేట జూనుకు ముందు కూర్చుండి మరల ఆలోచించుట, చదువు వెనుకబడినట్లు కనబడిన వెంటనే బడికి పంపుట. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 6 నుండి 14 ఏండ్ల బిడ్డలకు వర్తించును. ఇంటి చదువును గూర్చి అందులో స్పష్టమైన మాట లేదు. అయితే బడిలో చేరని బిడ్డను తరువాత వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొనవలెనని 4వ సెక్షను చెప్పుచున్నది. జాతీయ సార్వత్రిక విద్యాపీఠము ద్వారా 14 ఏండ్లు నిండినవారు పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును, తెలుగు మాధ్యమములో కూడ. ఇవి తెలిసికొనకుండ ఎవరును తొందరపడవద్దు.

మొదటి నెల చెడ్డగా గడిచినది. నల్లబల్ల, బెత్తము, గద్దింపు! ఇంటిని బడిగా మార్చబోయి బిడ్డను భయపెట్టితిమి. ఒకనాడు ఆమె నీళ్ల డ్రమ్ము వెనుక దాగుకొనెను. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో కొలొస్సయులకు 3:21 చదువుచుండగా మా నోట మాట ఆగిపోయెను. ఇప్పుడు ఉదయము రెండు గంటలు మాత్రమే. లెక్కలకు చింతగింజలు. గుణింతములకు పెద్ద బాలశిక్ష. ఒత్తులకు బైబిలులోని పేర్లు. "క్రీస్తు" అను ఒక్క మాటలోనే రెండు ఒత్తులున్నవి. కన్నడము సంఘములోని ఒక టీచరక్క నేర్పుచున్నారు. రెండు లిపులు అక్కచెల్లెండ్రవంటివి గనుక ఒకదానిలో మరియొకటి కలిపివ్రాయుచున్నది. నష్టము లేదని చెప్పలేము: ఒక జీతము పోయినది, తోటి పిల్లల స్నేహము తగ్గినది. ఆదివారపు బడి, సాయంకాలపు వీధి ఆటలు ఆ లోటును సగమే తీర్చును.

సాయంకాలము అవ్వ పక్కన కూర్చుండి పెద్దమ్మాయి మార్కు సువార్త కూడబలుక్కొని చదువును. అవ్వకు అక్షరములు రావు, వాక్యములు వచ్చును. తప్పు చదివిన చోట అవ్వ ఆపును.

కుటుంబములో మాటలాడుకొనుటకు:
మీ బిడ్డలు తెలుగు బైబిలులో ఒక అధ్యాయము తామే చదువగలరా?
బడికి పంపుచున్న ఇంటిలో ద్వితీయోపదేశకాండము 6ను ఏ వేళలలో నెరవేర్చగలము?
మీ ఇంటి అవ్వ, తాతలకు తెలిసిన వాక్యములు ఎవరైన అడిగి తెలిసికొనుచున్నారా?