పరుగు నేర్పే సారు: ఒక ఉద్యోగం గురించి



మన చండ్రుగొండ పిల్లలకు పరుగు కొత్త కాదు. కనకగిరి గుట్టల కింది ఊళ్ల నుంచి బడికి నడిచి వచ్చినవాళ్లం, మేకల వెంట అడవిలో ఉరికినవాళ్లం. కానీ పరుగు నేర్పడం కూడా ఒక ఉద్యోగమనీ, దానికీ చదువు ఉందనీ పీజీలో చేరేదాకా మాకు తెలియదు. ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే, అడుగుదామంటే చెప్పేవారు లేరు. అందుకే ఈ వ్యాసం.

ట్రాక్ అంటే మీకు తెలిసిందే, ఒక చుట్టు 400 మీటర్లు. పదివేల మీటర్లంటే 25 చుట్లు. క్రాస్ కంట్రీ అలా కాదు. గడ్డి, బురద, ఎగువ దిగువల మీద పరుగు. మన అడవి బాట లాంటిదే. 1973 నుంచి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. ఇప్పుడు పెద్దల పరుగు 10 కిలోమీటర్లు. జట్టు పోటీలో ఒక్కో దేశం నుంచి ఆరుగురు పరుగెత్తితే, ముందు వచ్చిన నలుగురి స్థానాలు కూడతారు. మొత్తం ఎవరికి తక్కువైతే వారే విజేతలు. అంచేత కోచ్ చూపు మొదటివాడి కన్నా నాలుగోవాడి మీద ఎక్కువ ఉండాలని మాకు అనిపిస్తుంది.

ఎండ సంగతి కూడా కోచ్ ఎరగాలి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీకి 38 మంది బయలుదేరితే, ఆ ఎండకు 15 మందే చివరికి చేరారు. ఆ తర్వాత ఒలింపిక్స్‌లో ఆ పోటీ పెట్టనే లేదు. కొత్తగూడెం ఎండలు ఎరిగిన మనకు వేరే చెప్పాలా!

ఈ వృత్తిలో పేరు పొందినవారు ఓ.ఎం. నంబియార్. కేరళవారు. వైమానిక దళంలో పనిచేస్తూ పరుగెత్తారు, పటియాలాలో కోచింగ్ నేర్చుకున్నారు, కన్నూరు స్పోర్ట్స్ డివిజన్‌లో కోచ్‌గా చేరారు. అక్కడే పి.టి. ఉషకు శిక్షణ ఇచ్చారు. (హాస్టల్ పిల్లే, గమనించండి!) 1984 లాస్ ఏంజెలెస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో ఆమెకు కంచు పతకం సెకనులో నూరో వంతు తేడాతో తప్పింది. 1985లో ద్రోణాచార్య అవార్డు మొదలుపెట్టినప్పుడు, ఆ మొదటి ఏడాదే అందుకున్నవారిలో ఆయన ఒకరు. పద్మశ్రీ మాత్రం 2021లో వచ్చింది. అదే ఏడాది కన్నుమూశారు.

మన దగ్గర చూస్తే, వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి ప్రతిభను మొదట పసిగట్టింది బడిలో వ్యాయామం నేర్పేవారే. ఆమె 2024లో పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కంచు పతకం తెచ్చింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందిని 2025 ఆసియా ఛాంపియన్‌షిప్స్ హెప్టథ్లాన్‌లో 5941 పాయింట్లతో బంగారు పతకం గెలిచింది.

ఇక దారి. డిగ్రీ తర్వాత బీపీఈడీ చేస్తే బడిలో వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులకు పోటీ పడవచ్చు. కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే ఎంపీఈడీ, దానిపైన నెట్ లాంటి అర్హత ఉండాలి. మన కాలేజీల్లో పరుగుకు విడిగా కోచ్ ఉండడం అరుదు, కబడ్డీ నుంచి క్రాస్ కంట్రీ దాకా అన్నీ ఆ ఒక్కరే చూడాలి. అచ్చంగా కోచ్ కావాలంటే పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థలో ఏడాది డిప్లొమా ఉంది. దానికి డిగ్రీతోపాటు పోటీల్లో పాల్గొన్న సర్టిఫికెట్లు అడుగుతారు.

మేము దెబ్బతిన్నది అక్కడే. డిగ్రీ రెండో ఏడు యూనివర్సిటీ క్రాస్ కంట్రీ ఎంపికల కాగితం మా కాలేజీకి వచ్చింది. ఆఫీసు సొరుగులోనే ఉండిపోయింది. మాకు తెలిసేసరికి ఎంపికలు అయిపోయి పది రోజులైంది. మాలో అందరికన్నా బాగా ఉరికేవాడు ఆ ఏడాదే పరుగు మానేశాడు. ఇప్పుడు పత్తి చేనులో ఉన్నాడు.

మీరు మండల పోటీల్లో గెలిచిన కాగితాన్ని కూడా పెట్టె అడుగున పడేయకండి, రెండు జిరాక్సులు తీసి ఉంచుకోండి. ఎంపికల తేదీలు మీరే ఆఫీసుకు వెళ్లి అడగండి. సెలవుల్లో మేము ఊళ్లోనే ఉంటాం. దరఖాస్తు నింపడం తెలియకపోతే హాస్టల్‌కు కబురు చేయండి, వస్తాం.