మీ గురి ఎంత దూరం?

వేటకు కొత్తగా దిగేవాళ్లు స్కోప్ కొనడానికి వెళ్లి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఇది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. అంతకన్నా ముందు మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. కొండ ఎక్కి ఆయాసపడుతూ, వాలు నేల మీద ఒక మోకాలు ఆనించి కూర్చున్నప్పుడు, ఎంత దూరంలో ఉన్న జంతువును ఒక్క తూటాతో, అది యాతన పడకుండా పడగొట్టగలరు? దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకున్నవాళ్లకు స్కోప్ ఎంచుకోవడం పెద్ద పని కాదు. చెప్పుకోలేనివాళ్లు ఎంత ఖరీదైనది కొన్నా తప్పుదే కొంటారు.

ఏ నేల గురించి మాట్లాడుతున్నానో కూడా ముందే చెబుతాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తలుపులు మూసింది. అవి మూసుకునే ఉండాలి. ఇక్కడి మాటలన్నీ అమెరికాలోని రాకీ పర్వతాలకు సంబంధించినవి. కొలరాడో, వయోమింగ్, మోంటానాల్లో ఎల్క్, మ్యూల్ డీర్ వేట లైసెన్సులతో, సీజన్లతో, కట్టుదిట్టమైన నియమాలతో సాగుతుంది. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లలో కొందరు ఆఫీసు మిత్రులతో కలిసి ఆ కొండలు ఎక్కుతున్నారు. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. రైఫిల్ సీజన్లో ఒంటి మీద కనీసం 500 చదరపు అంగుళాల మెరుపు నారింజ రంగు గానీ గులాబీ రంగు గానీ కనిపించాలి. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. అక్కడి ఫెడరల్ చట్టం వాళ్లను సాధారణంగా తుపాకీ దగ్గర పెట్టుకోనివ్వదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. న్యాయవాదిని అడిగి తేల్చుకునేదాకా మిత్రుడి రైఫిల్ కూడా ముట్టుకోవద్దు.

ఇప్పుడు ఆ ప్రశ్నకు వద్దాం. జవాబు మీ మనసును అడిగితే రాదు, మనసు ఎప్పుడూ ఎక్కువే చెబుతుంది. షూటింగ్ రేంజ్‌లో మామూలు పేపర్ ప్లేటు ఒకటి నిలబెట్టండి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు కొలత సుమారుగా అంతే. బల్ల మీద ఇసుక సంచుల ఆసరాతో కాల్చొద్దు, కొండ మీద బల్లలుండవు. మోకాలి మీద, కూర్చుని, వీపుసంచీ మీద రైఫిల్ ఆనించి కాల్చండి. రేంజ్‌వాళ్లు ఒప్పుకుంటే, రైఫిల్ బల్ల మీదే ఉంచి, నాలుగు బస్కీలు తీసి గుండె దడదడలాడుతుండగా కాల్చండి. నూరు గజాలతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా వెనక్కి జరగండి. తూటాలన్నీ, ఒక్కటీ తప్పకుండా, ప్లేటులో పడే చివరి దూరమే మీ హద్దు. అది 180 గజాలైతే 180 గజాలే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ అంకె తెలియకుండా కొండెక్కడమే సిగ్గుపడాల్సిన పని.

చాలామందికి ఆ హద్దు 300 గజాల లోపే తేలుతుంది. ఈ అంకెతో స్కోప్ లెక్కంతా మారిపోతుంది. పాయింట్ 270 విన్‌చెస్టర్, 30-06 లాంటి వేట తూటాలను 200 గజాలకు జీరో చేస్తే, అంటే గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేస్తే, 300 గజాల దగ్గర తూటా సుమారు ఏడెనిమిది అంగుళాలు కిందికి దిగుతుంది. దీనికి టర్రెట్, అంటే గురిని సరిచేసే మర, తిప్పి క్లిక్కులు లెక్కపెట్టాల్సిన పనే లేదు. కాస్త పైకి గురిపెడితే సరిపోతుంది. అంటే 3-9x40 గానీ (మూడు నుంచి తొమ్మిది రెట్లు, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు), 2.5-8x36 గానీ, చివరికి రెట్లు మారని 6x గానీ మీ అవసరానికి చాలు. ఇరవై అయిదు రెట్లు చూపించే స్కోప్ మీ చేతి వణుకును కూడా ఇరవై అయిదు రెట్లు చూపిస్తుంది. పైగా దాంట్లోంచి కనిపించే మేర ఇరుకైపోతుంది. పొదల మధ్య కదిలే జంతువును అంత ఇరుకు కిటికీలోంచి పట్టుకునేలోపు అది కొండ గట్టు దాటేస్తుంది.

ఔట్‌డోర్ లైఫ్ పత్రికలో ఏళ్ల తరబడి తుపాకుల గురించి రాసిన జాక్ ఓకానర్ (1902-1978) పేరు అమెరికా వేటగాళ్లందరికీ తెలుసు. కొండగొర్రెల వేటలో ఆయనకు సాటి తక్కువ. కొండ మీద అంతకన్నా దూరపు వేట అరుదు. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే పాయింట్ 270 రైఫిల్ మీద ఉన్నది నాలుగు రెట్లు మాత్రమే చూపించే స్కోప్. ఓకానర్ ఎక్కువ సమయం గురిపెట్టడంలో కాదు, దగ్గరికి చేరడంలో గడిపేవాడు. గాలి చూసుకుని, లోయ చుట్టి వెళ్లి, దూరాన్ని తగ్గించుకోవడమే ఆయన విద్య. గురికి పెద్ద అద్దాలు అక్కర్లేదనడానికి మన దగ్గరా ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. ఆ పోటీలో టెలిస్కోప్ గురికి చోటే లేదు. లక్ష్యం నడిబొడ్డున ఉండే పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. అద్దాలు పెంచి చూపించేది లక్ష్యాన్నే, నైపుణ్యాన్ని కాదు.

ఇక బరువు. కొండ వేటకు చేసిన మంచి రైఫిల్ సుమారు 2.7 కిలోలు తూగుతుంది. మామూలు 3-9x40 స్కోప్ 350 గ్రాముల చుట్టూ ఉంటుంది. లియుపోల్డ్ 4x33 అయితే 260 గ్రాములే. దూరపు పోటీల కోసం చేసిన 5-25x56 రకాలు చాలావరకు 850 గ్రాముల నుంచి కిలో దాకా ఉంటాయి. అరకిలో తేడా దుకాణంలో తెలియదు. పదివేల అడుగుల ఎత్తున, పలచటి గాలిలో, మూడో రోజు మధ్యాహ్నం తెలుస్తుంది. ఆ అరకిలో రైఫిల్ నెత్తిమీద కూర్చుంటుంది కాబట్టి చేతిలో తూకం కూడా తప్పుతుంది, రైఫిల్ పక్కకు ఒరుగుతుంది. అలసిన చేయి వణుకుతుంది, వణికిన గురి జంతువును గాయపరచి వదిలేస్తుంది. నేను బరువు గురించి ఇంత పట్టుబట్టేది ఇందుకే.

ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటుంది: స్కోప్ గొట్టం లావైతే ఎక్కువ వెలుతురు వస్తుందని నమ్మడం. గొట్టం 25.4 మిల్లీమీటర్లదైనా 30 మిల్లీమీటర్లదైనా వెలుతురు విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. లావు గొట్టం ఇచ్చేది ముఖ్యంగా గురిని సరిచేసుకోవడానికి ఎక్కువ చోటు. వెలుతురు లెక్క వేరే. ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగించండి. 40ని 9తో భాగిస్తే 4.4 మిల్లీమీటర్లు, 6తో భాగిస్తే 6.7. కంటికి చేరే కాంతి కట్ట వెడల్పు అదే. చీకట్లో కుర్రవాళ్ల కనుపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, వయసుతో అది తగ్గుతూ వస్తుంది. కొలరాడోలో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చవచ్చు. ఆ మసక వేళ స్కోప్‌ను ఆరుకు తగ్గించి చూడండి, అడవి తేటపడుతుంది. 56 మిల్లీమీటర్ల పెద్ద అద్దం కొంటే దాన్ని పైకెత్తి బిగించాలి, అప్పుడు మీ చెంప రైఫిల్ కట్టెకు ఆనదు. గురి అక్కడే చెడుతుంది.

నమ్మకం మాట దగ్గర మాత్రం కాస్త నిదానించాలి, అసలు విషయం ఇదే కాబట్టి. స్కోప్ పైకి ఒక గొట్టంలా కనిపిస్తుంది గానీ లోపల ఇంకో చిన్న గొట్టం ఉంటుంది. ఒక పక్క టర్రెట్ మరలు దాన్ని నెడుతుంటాయి, ఎదురు పక్క నుంచి స్ప్రింగ్ తిరిగి నెడుతుంటుంది. ఈ రెండు బలాల మధ్య ఆ చిన్న గొట్టం ఎక్కడ నిలబడితే మీ జీరో అక్కడే. రైఫిల్ పేలిన ప్రతిసారీ ఈ ఏర్పాటుకు దెబ్బ తగులుతుంది. రైఫిల్ తేలికైన కొద్దీ ఆ దెబ్బ గట్టిది. స్ప్రింగ్ బలహీనమైనా, మర వదులైనా గురి గీతలు బయటకు తెలియకుండా జరుగుతాయి. అద్దంలోంచి చూస్తే అంతా స్ఫటికంలా ఉంటుంది, తూటా మాత్రం వేరే చోటికి పోతుంది. అందుకే అద్దాల మెరుపు చూసి స్కోప్ కొనేవాళ్లను ఆపాలనిపిస్తుంది. అద్దం కాస్త మసకగా ఉన్నా పరవాలేదు, జీరో మాత్రం కదలకూడదు. కొన్న వారంలోనే పరీక్ష పెట్టండి. నూరు గజాల దగ్గర ఒక తూటా కాల్చి, టర్రెట్‌ను 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకు తిప్పుతూ, ప్రతి మలుపు దగ్గరా ఒకే చుక్కను గురిపెట్టి కాల్చండి. నూరు గజాల దగ్గర క్లిక్కుకు పావు అంగుళం జరిగే స్కోప్ అయితే కాగితం మీద సుమారు అయిదు అంగుళాల చతురస్రం పడాలి, చివరి తూటా మొదటి రంధ్రం పక్కనే దిగాలి. తర్వాత బండిలో మట్టిరోడ్డు మీద ఓ పూట తిప్పి, మళ్లీ కాల్చండి. జీరో జరిగితే ముందు స్కోప్‌ను పట్టి ఉంచే రింగుల మరలు చూడండి. అవి గట్టిగానే ఉంటే మొహమాటం లేకుండా వెనక్కి పంపండి.

తేలికదనం, మొండితనం రెండూ ఒకే స్కోప్‌లో పూర్తిగా దొరకవు. ఈ నిజాన్ని దాచి అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు. రోజంతా టర్రెట్ తిప్పినా జీరో వదలదని పేరున్న నైట్‌ఫోర్స్ 2.5-10x42, ఎస్‌డబ్ల్యూఎఫ్‌ఏ 6x42 లాంటివి 550 గ్రాముల చుట్టుపక్కల ఉంటాయి. ఆ బరువు వృథా కాదు, బలమైన స్ప్రింగులకు, మందమైన లోహానికి కట్టే మూల్యం. నా తీర్పు ఇది: మీ హద్దు 300 లోపైతే, టర్రెట్లకు మూతలున్న సాదా స్కోప్ తీసుకుని ఒకసారి జీరో చేసి ఇక ముట్టుకోకండి. ఏళ్ల సాధనతో 400 దాటి నిలకడగా కొట్టగలిగే కొద్దిమందీ ఆ 200 గ్రాముల అదనపు బరువు సంతోషంగా మోయాలి. ఆ రెండింటి మధ్య ఊగిసలాడుతూ, తేలికగా ఉంటూ అన్నీ చేస్తానని చెప్పే స్కోప్ కొంటే రెండూ దక్కవు. అహం కొనే వస్తువు వేరు, అవసరం కొనే వస్తువు వేరు.

స్కోప్ చెడిందని తిట్టుకునే సందర్భాల్లో చాలావాటికి అసలు కారణం స్కోప్ కాదు, దాన్ని పట్టుకున్న రింగులు. మరల మీద నూనె జిడ్డు పోయేలా తుడవండి. చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పిన కొలతకే బిగించండి. రింగుల కోసం స్కోప్ ఖర్చులోంచి కొంత కోసుకోవడం మంచి బేరం. స్కోప్‌ను ఎంత దూరంలో బిగిస్తున్నారో కూడా చూసుకోండి. కంటికీ అద్దానికీ మధ్య మూడున్నర అంగుళాల ఖాళీ లేకపోతే, గట్టి తూటా పేలినప్పుడు స్కోప్ అంచు వచ్చి కనుబొమ్మను చీలుస్తుంది. ఆ దెబ్బ తిన్నవాళ్లు తర్వాత చాలాకాలం ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకుంటారు.

ఇక ఆవిరి సంగతి. లియుపోల్డ్ 1907లో ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో సర్వే పరికరాల పనితో మొదలైన సంస్థ. వేటలో స్కోప్‌కు ఆవిరి పట్టి జింక తప్పిపోవడంతో మార్కస్ లియుపోల్డ్ విసిగిపోయి ఇంతకన్నా మంచిది తానే చేయగలనన్నాడని ఆ సంస్థ చెప్పుకుంటుంది. 1947లో వాళ్ల తొలి స్కోప్ వచ్చింది. లోపలి తేమగాలిని తీసేసి పొడి నైట్రోజన్ నింపి మూయడం ఇప్పుడు మంచి స్కోపులన్నిటిలో మామూలైపోయింది. అయినా బయటి ఆవిరిని ఏ సంస్థా ఆపలేదు. రాత్రి రైఫిల్‌ను వెచ్చని గుడారంలో పెట్టుకోవద్దు. చలికే అలవాటుపడేలా, తాళం వేసిన చల్లని బండిలో ఉంచండి.

ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. స్కోప్ చూడటానికి కాదు, కాల్చడానికి. దూరాన ఏదో కదిలితే అది ఏమిటో తెలుసుకోవడానికి రైఫిల్ ఎత్తొద్దు. అది మనిషి కావచ్చు. అప్పుడు మీరు గుండు నింపిన తుపాకీని ఒక మనిషి గుండెకు గురిపెట్టి ఉంటారు. మంచి బైనాక్యులర్ మెడలో వేసుకుని, ఏమిటో, దాని వెనక ఏముందో తేల్చుకున్నాకే రైఫిల్ భుజానికి రావాలి. డబ్బు పరిమితమైతే స్కోప్ ఒక మెట్టు తగ్గించి బైనాక్యులర్ ఒక మెట్టు పెంచండి. రోజంతా వాడేది అదే.

విమానంలోనో, రెండు రాష్ట్రాలు దాటి బండిలోనో వెళ్లినవాళ్లు క్యాంపు చేరిన రోజే, అనుమతి ఉన్న చోట మూడు తూటాలు కాల్చి జీరో చూసుకోవాలి. పక్కకు జరిగి ఉంటే సరిచేసుకుని మళ్లీ మూడు కాల్చండి. మూడూ మూడు చోట్ల పడుతుంటే ఆ స్కోప్‌ను నమ్మడానికి లేదు. మిత్రుడి దగ్గర అదనపు రైఫిల్ ఉంటే దాన్ని జీరో చేసుకోండి. లేకపోతే లైసెన్సు ఖర్చు, సెలవులు, ప్రయాణం అన్నీ గుర్తొచ్చినా సరే, ఆ వారం ట్రిగ్గర్ నొక్కకుండా మిత్రులకు మాంసం మోయడంలో సాయం చేయండి.