ఢిల్లీ కోతి మనిషి: చూసినవాళ్ల మాటను పరీక్షించడం ఎలా?

కరోల్ బాగ్‌లో కోతి కనిపిస్తే ఎవరూ వింతగా చూడరు. పక్కనే రిడ్జ్ అడవి ఉంది, దాని నిండా రీసస్ కోతులు. అవి మిద్దెల మీద తిరగడం, ఆరేసిన బట్టలు లాగడం అక్కడివాళ్లకు మామూలే. కోతులకు అంతగా అలవాటుపడిన నగరం 2001 మే నెలలో ఒక కోతి పేరు చెబితేనే వణికిపోయింది. ఘాజియాబాద్ వైపు మొదలైన కథ యమునకు తూర్పున ఉన్న బస్తీల్లోకి, అక్కడి నుంచి ఊరంతటికీ పాకింది. ఒళ్లంతా నల్లటి వెంట్రుకలున్న జీవి ఏదో అర్ధరాత్రి మిద్దెల మీదికి దూకి, రక్కి, మాయమవుతోందని చెప్పుకున్నారు. పత్రికలు దాన్ని ‘మంకీ మ్యాన్’ అన్నాయి, జనం ‘కాలా బందర్’ అన్నారు.

పోలీసులకు 350కి పైగా ఫిర్యాదులు అందాయి. దాదాపు 60 మంది గాయపడ్డారు. అది వచ్చిందన్న కంగారులో మిద్దె మీద నుంచో మెట్ల మీద నుంచో పడి కనీసం ఇద్దరు చనిపోయారు. నాలుగడుగుల పొడవున్న ఒక సాధువును ఆ జీవి అనుకుని గుంపు చితకబాదింది. పోలీసులు ఊహాచిత్రాలు గీయించి, పట్టిచ్చినవారికి 50,000 రూపాయలు ఇస్తామన్నారు. ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు గుర్తున్నవారికి ఈ వాతావరణం కొత్తేమీ కాదు.

చూశామన్నవాళ్లు అబద్ధం చెప్పారా? ఆ ప్రశ్నతో మొదలుపెడితే దర్యాప్తు ముందుకు సాగదు. వాళ్లు చెప్పినవాటిలో పరీక్షకు నిలిచేవి ఏమిటో చూడాలి.

మొదటి అనుమానం మామూలు కోతి మీదే. మగ రీసస్ కోతి శరీరం అర మీటరుకు కాస్త ఎక్కువ ఉంటుంది, బరువు 7–8 కిలోలు. అది పగలు తిరిగి రాత్రి నిద్రపోయే జంతువు. ఫిర్యాదులేమో చాలావరకు రాత్రివి. ఎక్కడో నిద్ర చెదిరిన కోతి ఒకటీ అరా దూకి ఉండవచ్చు గానీ, ఇన్ని ఫిర్యాదులకు అది చాలదు.

ఇక ఎత్తు. కొందరు నాలుగడుగులన్నారు, కొందరు ఎనిమిదన్నారు. ఒకే వస్తువును పదిమంది కొలిస్తే తప్పులు వచ్చినా అంకెలు ఒకచోటికి చేరతాయి. ఇక్కడ అలా చేరలేదు. దీనికి చీకటి ఒక కారణం. కంటికి నేరుగా అందేది వస్తువు ఎత్తు కాదు, అది కంటి దగ్గర చేసే కోణం. ఎంత దూరంలో ఉందో తెలిస్తేనే ఆ కోణం ఎత్తుగా మారుతుంది. మీటరు దూరంలో పిట్టగోడ మీద నిలబడిన 30 సెంటీమీటర్ల పిల్లి, 4 మీటర్ల దూరంలోని 1.2 మీటర్ల జీవి చేసే కోణాన్నే చేస్తుంది. పగలైతే చుట్టూ ఉన్న గోడలు, మంచాలు దూరాన్ని చెప్పేస్తాయి. కరెంటు పోయిన రాత్రి అవేవీ కనబడవు. అప్పుడే నిద్ర లేచినవాడి మెదడు ఆ ఖాళీని తనకు తోచినట్టు పూరిస్తుంది.

ఎర్రగా వెలిగే కళ్లన్నారు. జంతువుల కళ్లు వాటంతట అవి వెలగవు. పిల్లి కళ్లు మెరవాలన్నా వాటి మీద ఎక్కడి నుంచో వెలుగు పడాలి. ఆ మెరుపునిచ్చే పొర పిల్లికి ఉంది, కోతికి లేదు. పైగా మసక చీకట్లో మన కంటిలో పనిచేసేవి దండాలు. అవి ఎరుపును దాదాపు గుర్తించలేవు. చీకట్లో ఎర్ర చీర నల్లగా కనిపించేది అందుకే. లోహపు గోళ్లు, తల మీద హెల్మెట్, ఛాతీ మీద మూడు బొత్తాలు అన్నవారి సంగతి సరే సరి. అంత చీకట్లో బొత్తాలు లెక్కపెట్టగలగడమే విశేషం.

గాయాలు మాత్రం నిజం. తూర్పు ఢిల్లీ బాధితుల మీద వైద్యులు చేసిన అధ్యయనం 2003లో ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ సైన్సెస్’లో వచ్చింది. దాని శీర్షికే దీన్ని సామూహిక హిస్టీరియాగా పేర్కొంది. ఆ పేరు విని బాధితులకు పిచ్చి అనుకోకూడదు. నలభై డిగ్రీల ఎండాకాలం, కరెంటు కోత, మిద్దె మీద పక్కపక్కనే మంచాలు. ఎవరో ఒకరు ‘వచ్చింది’ అని అరిస్తే అందరూ ఒక్కసారిగా లేచి పరుగెత్తుతారు. మంచం కోడు, గోడ అంచు, పొడుచుకొచ్చిన ఇనుప చువ్వ, ఏది గీసుకున్నా ఆ గీత పొద్దున్నే గోటి గాటు అయిపోతుంది.

మరి కొన్ని వివరాలు చాలామంది మాటల్లో ఒకేలా ఎందుకున్నాయి? 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అమెరికాలో విద్యార్థులకు కార్లు ఢీకొన్న దృశ్యం చూపించారు. కార్లు ‘తగిలినప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని 50 మందిని, ‘నుజ్జయినప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని ఇంకో 50 మందిని అడిగారు. వారం తరువాత పగిలిన గాజు చూశారా అని అడిగితే మొదటి జట్టులో 7 మంది, రెండో జట్టులో 16 మంది చూశామన్నారు. దృశ్యంలో గాజు పగలనే లేదు. ఒక్క మాట తేడాకే జ్ఞాపకం అంత మారితే, రోజూ పత్రికలో వార్తలు, పోలీసుల బొమ్మలు చూస్తూ పడుకున్నవారి సంగతి ఊహించవచ్చు. బొమ్మ బయటికొచ్చాక అందిన వర్ణనల్ని స్వతంత్ర సాక్ష్యంగా లెక్కించడం కుదరదు. బొమ్మ విడుదల చేయడంలో ఢిల్లీ పోలీసులు తొందరపడ్డారనే చెప్పాలి.

హిమాలయాల యతి విషయంలో పరీక్షించడానికి కనీసం వెంట్రుకలు, ఎముకలు ఉన్నాయి. 2017లో యతివని చెప్పే 9 నమూనాల డీఎన్ఏ చూస్తే 8 ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. ఢిల్లీలో ప్రయోగశాలకు పంపి ‘ఇదిగో ఆ జీవి’ అనిపించుకునే వెంట్రుక ఒక్కటి కూడా దొరకలేదు. కొన్ని వారాల్లో ఫిర్యాదులు ఆగిపోయాయి.

ఇలాంటి కబురు మళ్లీ వస్తే సాక్షుల్ని ఒకరి మాట ఒకరు వినకుండా విడివిడిగా కూర్చోబెట్టాలి. బొమ్మ చూపించకూడదు. ‘ఆ కోతి మనిషి ఎలా ఉన్నాడు?’ అనకుండా, ‘రాత్రి ఏం జరిగింది?’ అని మాత్రమే అడగాలి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, ఆ వీధిలో కరెంటు ఎన్ని గంటలకు పోయిందో విద్యుత్ కార్యాలయంలో కనుక్కోవాలి.